హోటళ్లు, షాపుల చెత్త ఎత్తేవాళ్లకి దెబ్బ తగలకుండా పని నడపడం ఎలా?

ఒకటో రెండో బండ్లు పెట్టుకుని హోటళ్లు, బేకరీలు, ఫంక్షన్ హాళ్లు, షాపింగ్ కాంప్లెక్సుల చెత్త ఎత్తే చిన్న కాంట్రాక్టర్ల కోసం, ఆ పనివాళ్లని చూసుకునే సూపర్‌వైజర్ల కోసం ఇది రాస్తున్నాను. నేను పనిచేసింది హైదరాబాద్‌లో కాబట్టి ఉదాహరణలు అక్కడివే. విజయవాడలో అయినా వరంగల్‌లో అయినా పని తీరు ఇంచుమించు ఇలాగే ఉంటుంది.

కొన్నేళ్ల క్రితం ఒక కాంప్లెక్స్ సెల్లార్లో మా హెల్పర్ ఒకతను నల్ల కవర్ ఎత్తి ఒంటికి ఆనించుకుని మెట్లెక్కుతున్నాడు. సగం మెట్ల మీద ఉండగా తొడ దగ్గర చురుక్కుమంది. పై అంతస్తు క్లినిక్ వాళ్లు వాడేసిన సిరంజిలని టీ కప్పులతో, అన్నం పొట్లాలతో కలిపి ఒకే కవర్లో కట్టేశారు. ఆ రోజు అతని చేతులకి గ్లౌజులున్నాయి, కాళ్లకి బూట్లున్నాయి, ఒంటిమీద మెరిసే జాకెట్ ఉంది. సూది మాత్రం తొడలో దిగింది. తర్వాత నెలల తరబడి పరీక్షలకి తిరిగాడు. చివరికి ఏమీ లేదని తేలింది గానీ, అన్నాళ్లూ ఆ ఇంట్లో ఎవరూ కంటినిండా నిద్రపోలేదు.

అప్పటినుంచి నేను పట్టుకున్న నియమం ఒకటే. మనిషి ఒళ్లు చెత్తకి తగలకుండా పని జరగాలి. చెయ్యి కవర్లోకి పోకూడదు, కవరు ఒంటికి ఆనకూడదు, కాలు చెత్త మీద పడకూడదు. కింద చెప్పే పనుల్లో చాలావాటికి మూలం ఇదే. గ్లౌజులు, బూట్ల సంగతి చివర్లో వస్తుంది. మిగతా ఏర్పాట్లన్నీ దాటుకుని వచ్చే దెబ్బని ఆపడానికే అవి.

ముందు రూటంతా మీరే తిరగండి

పగలు పదింటికి కార్లో వెళ్లి చూస్తే ఏమీ తెలియదు. పని జరిగే వేళకే వెళ్లాలి. ఫంక్షన్ హాలైతే పెళ్లి భోజనాలు అయిపోయాక అర్ధరాత్రి ఒంటిగంటకి, టిఫిన్ సెంటరైతే తెల్లవారుజామున నాలుగింటికి. బండి వెనకే నడవండి. ఒక పుస్తకం పెట్టుకుని, చెత్త ఎత్తే ఒక్కో చోటుకి, అంటే ఒక్కో పాయింట్‌కి, ఒక్కో పేజీ రాయండి. లైటు ఉందా? సెల్లార్ ర్యాంపు ఎంత ఏటవాలు? నేల మీద నూనె, నీళ్లు ఉన్నాయా? బండి రివర్స్ చేయకుండా బయటికి రాగలదా? పైన కరెంటు తీగలు, కేబుళ్లు ఎంత కిందకి వేలాడుతున్నాయి? కుక్కలు ఎక్కడ గుంపుగా ఉంటాయి?

ఇవన్నీ హెల్పర్లకి ఇప్పటికే తెలుసు. మనం అడగలేదు కాబట్టి వాళ్లు చెప్పలేదు. "అన్నా, ఈ బేకరీ దగ్గర గాజు పెంకులు వస్తాయి", "ఆ గల్లీలో బండి వెనక్కి తీసేటప్పుడు స్కూటీలు దూరుతాయి" అని వాళ్ల నోటి నుంచే వస్తుంది. అది రాసుకోండి. నా అనుభవంలో ఈ పుస్తకం కంటే పనికొచ్చిన ట్రైనింగ్ మరొకటి లేదు.

కస్టమర్‌తో వెనక గుమ్మం దగ్గరే మాట్లాడుకోండి

మన వాళ్లకి తగిలే దెబ్బల్లో చాలా భాగం కస్టమర్ కవర్ కట్టిన తీరు నుంచే వస్తుంది. కాబట్టి అగ్రిమెంట్ రాసుకునేటప్పుడు డబ్బు సంగతితో పాటు ఈ సంగతులు కూడా రాయించాలి. వేరు చేసి ఇవ్వమని అడగడం మన దయాదాక్షిణ్యాల విషయం కాదు. తడి, పొడి, ఇళ్లలో వచ్చే హానికర చెత్త వేరుగా ఇవ్వాలని 2016 ఘన వ్యర్థాల నియమాల్లోనే చెప్పారు, 2026 ఏప్రిల్ నుంచి వాటి స్థానంలో వచ్చిన కొత్త నియమాలూ వేరు చేయమనే అంటున్నాయి. రోజుకి సగటున 100 కిలోలు దాటి చెత్త వచ్చే సంస్థని బల్క్ జనరేటర్ అని గుర్తించి దానిమీద అదనపు బాధ్యత పెట్టింది కూడా 2016 నియమాలే. ఓ మాదిరి హోటల్ ఏదైనా ఆ లెక్క దాటుతుంది.

నేను రాయించేవి ఇవి. పగిలిన గాజు, పింగాణీ అట్టపెట్టెలో పెట్టి, టేపు వేసి, పైన "గాజు" అని రాసి ఇవ్వాలి. తందూరి బొగ్గు, బూడిద పూర్తిగా చల్లారాక, నీళ్లు చల్లి, ఇనుప డబ్బాలో వేరుగా ఇవ్వాలి. వాడిన నూనె డబ్బాల్లోనే ఉంచాలి, కవర్లో పోయకూడదు. కవరు మూడొంతులు నిండితే మూతి కట్టేయాలి. అంచుదాకా కుక్కిన కవరుని పట్టుకోవడానికి మెడ మిగలదు, అప్పుడు మనిషి దాన్ని కింద చెయ్యిపెట్టి ఎత్తుతాడు. సూదులు, గాజు పెంకులు బరువుకి జారి చేరేది ఆ అడుగుకే.

క్లినిక్, ల్యాబ్, దంత వైద్యుడు ఉన్న కాంప్లెక్స్ అయితే ఇంకా గట్టిగా ఉండాలి. బయోమెడికల్ వ్యర్థాలకి 2016లోనే వేరే నియమాలు వచ్చాయి. రక్తం అంటిన దూది, బ్యాండేజీలు పసుపు సంచిలో, సిరంజిలు, గొట్టాల్లాంటి ప్లాస్టిక్ ఎరుపు సంచిలో, సూదులు, బ్లేడ్లు గుచ్చుకోని తెల్లని డబ్బాలో, గాజు సీసాలు నీలం డబ్బాలో వేసి, అనుమతి ఉన్న కేంద్రానికే ఇవ్వాలి. పడకలు లేని చిన్న క్లినిక్‌కి కూడా మినహాయింపు లేదు. మన బండికి ఆ చెత్త ఎక్కించడానికే వీల్లేదు. కవర్లో సిరంజి కనిపిస్తే ఆ కవర్ అక్కడే వదిలేయమని, ఫోటో తీసి పంపమని హెల్పర్లకి ముందే చెప్పి ఉంచండి. వదిలేసినందుకు కస్టమర్ అరిస్తే ఆ ఫోన్ మీరు ఎత్తాలి, హెల్పర్ కాదు. ఒక్కసారి మీరు కస్టమర్ పక్షాన మాట్లాడారంటే, మళ్లీ ఏ హెల్పరూ కవర్ వదలడు.

అగ్రిమెంట్‌లో టాయిలెట్ సంగతి కూడా రాయించండి. మన బృందంలో ఆడవాళ్లు ఉంటారు. రాత్రి పన్నెండు నుంచి ఆరింటి దాకా రోడ్డు మీదే పని. ఎక్కడా వెళ్లే చోటు లేక నీళ్లు తాగడమే మానేస్తారు. దాంతో మూత్రంలో ఇన్‌ఫెక్షన్లు, ఎండాకాలం వడదెబ్బ. రూట్లో కనీసం రెండు మూడు హోటళ్లలో స్టాఫ్ టాయిలెట్ వాడుకోనిస్తామని, చేతులు కడుక్కోవడానికి సబ్బు, నీళ్లు ఇస్తామని ఒప్పుకుంటే ఎంతో మేలు. అడిగితే చాలామంది ఒప్పుకుంటారు. మనమే అడగం.

చెయ్యి ఎందుకు లోపలికి పోతుందో కనిపెట్టండి

చెయ్యి పెట్టొద్దని చెప్పినంత మాత్రాన ఎవరూ ఆగరు. చెయ్యి పెట్టడానికి వాళ్లకో కారణం ఉంటుంది. ఎక్కువసార్లు అది డబ్బు. వాటర్ బాటిళ్లు, అట్టముక్కలు, అల్యూమినియం డబ్బాలు ఏరి స్క్రాప్ దుకాణంలో అమ్ముకుంటే రోజుకి కొంత వస్తుంది. తక్కువ జీతం మీద బతికే మనిషికి అది చిన్న సంగతి కాదు. అందుకే బండి కదులుతుండగానే, చీకట్లో, కవర్లు చింపి చేత్తో వెతుకుతారు.

దీన్ని నిషేధిస్తే దొంగచాటుగా చేస్తారు, అది ఇంకా ప్రమాదం. నేను చూసినంతలో పనిచేసేది ఒక్కటే: ఆ డబ్బు వాళ్లకే ఉంచి, ఏరే చోటు, ఏరే పద్ధతి మార్చడం. షిఫ్ట్ అయ్యాక, వెలుతురున్న చోట, నడుము ఎత్తులో ఒక రేకుల బల్ల వేయండి. పొడి చెత్త మాత్రమే దాని మీద పరవాలి. పొడుగు పిడి ఉన్న పట్టకారుతో, చిన్న పంజాతో ఏరాలి. వచ్చిన డబ్బు లెక్క అందరి ముందు రాసి, బృందమంతా సమానంగా పంచుకోవాలి. వ్యక్తికి ఇంత అని కాకుండా బృందానికి ఇంత అన్నాక, తొందరపడి కవర్లో చెయ్యి పెట్టే పోటీ ఉండదు.

రెండో కారణం బిన్ అడుగున అతుక్కుపోయిన తడి చెత్త. మూడోది కాంపాక్టర్ (చెత్తని ప్లేటుతో నొక్కి కుదించే బండి) నోట్లో ఇరుక్కున్న గోనె సంచి. ఈ రెండింటికీ బండిలో ఎప్పుడూ రెండు పనిముట్లు ఉండాలి: మనిషి ఎత్తున్న కర్రకి బిగించిన ఇనుప పంజా ఒకటి, పొడుగు కొక్కెం ఒకటి. ఏ వెల్డింగ్ షాపులోనైనా చేయించొచ్చు. పనిముట్టు బండిలో లేని రోజు బండి బయల్దేరకూడదు. ఎక్కడికక్కడ చెయ్యే పనిముట్టు అయిపోయేది అలాంటి రోజుల్లోనే.

ఎవరూ కవర్లని కాలితో తొక్కి అదమకూడదు. లోడు ఎక్కువైతే ఇంకో ట్రిప్పు వేయండి. డీజిల్ ఖర్చు మీకు బరువే, కాదనను. పాదంలో మేకు దిగిన మనిషి నెల రోజులు ఇంట్లో కూర్చోవడం అంతకంటే బరువు.

బండి

చెత్త పనిలో ప్రాణాలు ఎక్కువగా తీసేది రోగాలు అనుకుంటాం. చాలా చోట్ల ముందు వరసలో ఉండేది వాహనాలే. అమెరికా కార్మిక శాఖ ఏటా వేసే లెక్కల్లో చెత్త సేకరణ చాలాకాలంగా అత్యంత ప్రాణాంతకమైన పది వృత్తుల్లో ఒకటిగా వస్తోంది. అక్కడ కూడా ప్రధాన కారణం వాహన ప్రమాదాలే.

రివర్స్‌తో మొదలుపెట్టండి. మీ రూటు పుస్తకం తీసి, రివర్స్ అవసరమైన పాయింట్లు లెక్కపెట్టండి. వాటిలో సగమైనా తీసేయొచ్చు. గల్లీ చివర బిన్ ఉంటే దాన్ని మొదటికి తెప్పించమని కస్టమర్‌ని అడగొచ్చు, లేదా చిన్న తోపుడు బండితో తీసుకురావచ్చు. తప్పనిసరి అయిన చోట ఒక్క హెల్పరే సైగ చేయాలి. అతను డ్రైవర్ వైపు, బండికి వెనక కొంచెం పక్కగా, అద్దంలో కనిపించేలా నిలబడాలి. సరిగ్గా వెనక ఎప్పుడూ నిలబడకూడదు. అతను అద్దంలో కనిపించకపోతే, ఆ క్షణమే డ్రైవర్ బ్రేక్ వేయాలి. "రానీ రానీ" అని కేకలు విని నడపడం మానిపించండి. రాత్రి డీజే మోతలో ఎవరి కేక ఎవరిదో తెలియదు. చేతి సైగలు నాలుగు చాలు: రా, ఆగు, కుడి, ఎడమ.

బండి వెనక ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ పోవడం మన దగ్గర మామూలైపోయింది. యూరప్ కాంపాక్టర్ ప్రమాణాల ప్రకారం ఫుట్‌బోర్డు మీద మనిషి ఉంటే బండి గంటకి 30 కిలోమీటర్లు దాటదు, రివర్స్ గేరు పడదు. యంత్రమే అడ్డుకుంటుంది. మన చిన్న బండ్లలో అలాంటి ఏర్పాటు ఉండదు కాబట్టి మన నియమం ఇంకా సూటిగా ఉండాలి: పాయింట్‌కి పాయింట్‌కి మధ్య ఎవరూ వేలాడరు, లోడు మీద కూర్చోరు. అందరికీ క్యాబిన్‌లో సీటు లేకపోతే మనుషులకి వేరే ఆటో పెట్టాలి. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి జవహర్‌నగర్ డంపింగ్ యార్డు దాకా లోడు మీద పడుకుని వెళ్లే హెల్పర్లని నేను చాలాసార్లు చూశాను. డ్రైవర్ ఒక్క బ్రేక్ గట్టిగా వేస్తే చాలు.

కాంపాక్టర్ ఉంటే ప్లేటు కదులుతున్నప్పుడు దాని నోటి దగ్గర ఎవరూ ఉండకూడదు. బటన్ నొక్కేవాడు ఒక్కడే, చుట్టూ చూసి, "నొక్కుతున్నా" అని గట్టిగా చెప్పి నొక్కాలి. ఏదైనా ఇరుక్కుంటే ఇంజిన్ ఆపి, తాళంచెవి తీసి, ఆ తాళంచెవి లోపల పనిచేసేవాడి జేబులో పెట్టుకోవాలి. అతను బయటికి వచ్చి ఇచ్చేదాకా బండి స్టార్ట్ అవదు. దీనికి పైసా ఖర్చు లేదు.

టిప్పర్ బాడీ లేపి దాని కింద గ్రీజు పెట్టడం, కడగడం చేస్తుంటారు. హైడ్రాలిక్ పైపు చిట్లితే ఆ బాడీ ఒక్కసారిగా దిగిపోతుంది. కింద ఇనుప దిమ్మె లేదా బండితో వచ్చిన స్టాండు పెట్టకుండా తల కూడా దూర్చకూడదు. లేపే ముందు పైకి చూడాలి. బాడీ కరెంటు తీగకి తగిలితే డ్రైవర్ క్యాబిన్‌లోనే ఉండిపోవాలి, మిగతావాళ్లు బండిని ముట్టుకోకుండా దూరం జరిగి కరెంటు ఆఫీసుకి ఫోన్ చేయాలి. బండికి మంట అంటుకుంటే తప్ప దిగకూడదు. దిగాల్సి వస్తే రెండు పాదాలూ కలిపి ఒకేసారి నేల మీదకి దూకాలి. ఒక చెయ్యి బండి మీద, ఒక కాలు నేల మీద పెడితే కరెంటు ఒంట్లోంచి పోతుంది. తర్వాత పాదాలు దగ్గరగా ఉంచి చిన్న చిన్న గెంతులతో దూరం పోవాలి. ఇది ఒకసారి చేసి చూపించండి, మాటతో చెబితే ఎవరికీ గుర్తుండదు.

బరువు

హోటల్ తడి చెత్తతో నిండిన 240 లీటర్ల బిన్ వంద కిలోలు దాటుతుంది. సాంబారు, గంజి, నానిన అన్నం అంటే నీళ్లే మరి. అంత బరువుని ఇద్దరు కుర్రాళ్లు "ఐసా" అని బండి అంచు దాకా లేపుతారు. పాతికేళ్లప్పుడు ఏమీ అనిపించదు. ముప్ఫై అయిదు దాటేసరికి నడుము పట్టేస్తుంది, తర్వాత ఏ పనికీ పనికిరారు.

అమెరికాలో వృత్తి ఆరోగ్య సంస్థ వేసిన లెక్క ప్రకారం, అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు కూడా ఒక మనిషి ఎత్తదగిన బరువు 23 కిలోలు. వంగి, తిరిగి, తడి నేల మీద ఎత్తితే ఇంకా తగ్గించుకోవాలి. కాబట్టి హోటళ్లకి పెద్ద బిన్ల బదులు తడి చెత్తకి చిన్న డ్రమ్ములు ఇవ్వండి. బండికి బిన్ లేపే హైడ్రాలిక్ చేతులు పెట్టించగలిగితే అంతకంటే మంచి పెట్టుబడి లేదు. లేకపోతే వెనక రేకుతో ఒక వాలుబల్ల చేయించి దాని మీద జారుస్తూ ఎక్కించొచ్చు.

సెల్లార్ ర్యాంపు మీద చక్రాల బిన్ ఉంటే, మనిషి ఎప్పుడూ దానికి పై వైపే ఉండాలి, ఎక్కించేటప్పుడైనా దించేటప్పుడైనా. చెయ్యి జారితే బిన్ పోతుంది, మనిషి మిగులుతాడు. జారిపోతున్న బిన్‌ని ఆపే ప్రయత్నం చేయొద్దని ముందే చెప్పండి. చెత్త పడితే ఊడ్చుకోవచ్చు.

సూది గుచ్చుకుంటే ఏం చేయాలి

ఎంత జాగ్రత్తపడినా ఎప్పుడో ఒకసారి జరుగుతుంది. అప్పుడు ఏం చేయాలో హెల్పర్లందరికీ నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగేలా నేర్పాలి.

వెంటనే పని ఆపాలి. గాయాన్ని సబ్బుతో, పారే నీళ్ల కింద బాగా కడగాలి. బండిలో అయిదు లీటర్ల మంచినీళ్ల డబ్బా, సబ్బు ఎప్పుడూ ఉండాల్సింది ఇందుకే. రక్తం పిండకూడదు. నోట్లో పెట్టుకుని పీల్చకూడదు. చాలామంది ముందు చేసే పని అదే. స్పిరిట్, బ్లీచింగ్, పసుపు, సున్నం ఏదీ పూయకూడదు. కంట్లో రక్తమో మురికి నీళ్లో పడితే మంచినీళ్లతో కడుగుతూనే ఉండాలి.

తర్వాత ఆలస్యం చేయకుండా ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లండి. పొద్దున పది దాకా ఆగొద్దు. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు మొదటి రెండు గంటల్లో మొదలైతే మంచిది, 72 గంటలు దాటితే పనిచేయవు. అవి వాడాలా వద్దా అన్నది డాక్టర్ నిర్ణయిస్తారు. వాడాలంటే 28 రోజులు ఆపకుండా వేసుకోవాలి. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇవి ఉచితంగా దొరుకుతాయి. మీ రూటుకి దగ్గరలో, రాత్రిపూట కూడా ఈ మందులు ఇచ్చే ఆసుపత్రి ఏదో ఇప్పుడే వెళ్లి కనుక్కుని, దాని పేరు, దారి బండి క్యాబిన్‌లో అతికించండి. గుచ్చుకున్నాక వెతకడం మొదలుపెడితే రెండు గంటలు అలాగే పోతాయి.

ఇక్కడ మనసు సంగతి కూడా ఉంది. సూది గుచ్చుకున్నవాడు భార్యకి చెప్పడానికి భయపడతాడు, తోటివాళ్లు దూరం పెడతారేమోనని దాస్తాడు. పారేసిన సూది వల్ల హెచ్‌ఐవీ రావడం చాలా అరుదని, కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి ప్రమాదమే ఎక్కువని, దానికి టీకా ఉందని అతనికి నిదానంగా చెప్పండి. హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట కనీసం ఏడు రోజులు బతికి ఉండగలదు. అందుకే మనిషిని పనిలో పెట్టుకున్న రోజే టీకా మొదలుపెట్టాలి. మూడు డోసులు: మొదటిది, నెల తర్వాత రెండోది, ఆరో నెలలో మూడోది. ధనుర్వాతం టీకా పదేళ్లకోసారి. ఎవరికి ఏ తేదీన వేయించారో అదే రూటు పుస్తకం వెనక రాసుకోండి. ఆసుపత్రికి పోయిన రోజు జీతం కోయకండి. కోస్తే, తర్వాతిసారి గుచ్చుకున్న సంగతి మీ దాకా రాదు.

కుక్క కరిచినా ఇలాగే. సబ్బుతో పారే నీళ్ల కింద పావుగంట సేపు కడగాలి, అదే రోజు రేబిస్ టీకా మొదలుపెట్టించాలి. గీరుకుపోయినా సరే, చిన్నదే కదా అని వదలొద్దు.

మంట, పొగ, వాసన

కవర్లోంచి పొగ వస్తున్నా, డబ్బా వేడిగా ఉన్నా, ఘాటు వాసన కొడుతున్నా ఆ చెత్త ఎక్కించకూడదు. హైదరాబాద్‌లో చెత్తలో పారేసిన రసాయనాలు పేలి పారిశుధ్య కార్మికులు చనిపోయిన ఘటనలు ఉన్నాయి. మూత బిగించిన డబ్బా, పేరులేని సీసా, తెల్లని పొడి ఉన్న సంచి కనిపిస్తే కదపకుండా, ఊపి చూడకుండా, దూరం జరిగి మీకు ఫోన్ చేయాలి. ఆ డబ్బా తుక్కుగా ఎంత పలుకుతుందన్న ఆశే ప్రాణం మీదకి తెస్తుంది.

హోటళ్ల చెత్తలో ఇంకో ప్రమాదం టాయిలెట్ యాసిడ్, బ్లీచింగ్ సీసాలు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. కళ్లు మండి, ఊపిరి ఆడకపోతే వెంటనే గాలి తగిలే చోటికి పోవాలి. మొబైల్ షాపుల దగ్గర పాత బ్యాటరీలు, పవర్ బ్యాంకులు వేరుగా తీసుకోండి. కాంపాక్టర్‌లో నలిగితే అవి అంటుకుంటాయి. బండిలో లోడు అంటుకుంటే డ్రైవర్ ముందు పెట్రోల్ బంకులకీ, జనానికీ దూరంగా ఖాళీ స్థలంలో ఆపాలి, 101కి ఫోన్ చేయాలి. ప్రతి బండిలో మంట ఆర్పే డ్రై పౌడర్ సిలిండర్ ఉండాలి, దాన్ని ఎలా వాడాలో డ్రైవర్‌తో పాటు హెల్పర్లకీ తెలియాలి.

గుంతలోకి దిగమంటే

ఇది విడిగా చెబుతున్నాను. చెత్త ఎత్తడానికి వెళ్లిన కుర్రాళ్లని హోటల్ మేనేజర్ "అయిదొందలిస్తా, ఆ గ్రీజు గుంత కూడా కాస్త క్లీన్ చేయండి" అంటాడు. వంటింటి వెనక నూనె, మురికి చేరే గుంత అది. సెప్టిక్ ట్యాంకుకి ఎంత ప్రమాదం ఉందో దానికీ అంతే. మూత తీయగానే కుళ్లిన గుడ్డు వాసన వచ్చే విషవాయువు అందులో ఉంటుంది. మోతాదు పెరిగితే ముక్కు ఆ వాసనని గుర్తించడమే మానేస్తుంది. వాసన లేదు కదా అని దిగినవాడు రెండు ఊపిరుల్లో పడిపోతాడు. అతన్ని కాపాడాలని దిగిన రెండోవాడు, మూడోవాడు కూడా అలాగే పోతారు. మన రెండు రాష్ట్రాల్లో ఏటా ఇలాంటి వార్తలు చదువుతూనే ఉన్నాం.

మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకుల్లోకి రక్షణ లేకుండా మనిషిని దింపడం, చేతులతో మలం ఎత్తే పనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం. కోలార్ బంగారు గనుల్లో ఓ తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ దశాబ్దాలుగా పోరాడుతున్నది దీనికోసమే. 2016లో ఆయనకి మెగసెసే పురస్కారం వచ్చింది. ఇలాంటి చావులకి ఇచ్చే పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023 అక్టోబర్‌లో 10 లక్షల నుంచి 30 లక్షలకి పెంచింది. మీ నియమం మాత్రం ఒక్క వాక్యంలో ఉండాలి: ఎవరు ఎంత ఇస్తామన్నా, తల నేల మట్టానికి కిందకి పోయే ఏ గుంతలోకీ మనవాళ్లు దిగరు. ఒకడు పడిపోతే రెండోవాడు దిగడు, 101కీ 108కీ ఫోన్ చేస్తాడు. ఈ మాట కస్టమర్ అగ్రిమెంట్‌లో కూడా రాయండి.

ఎండ, వాన

ఏప్రిల్, మే నెలల్లో పని పొద్దున పదింటికల్లా ముగిసేలా షిఫ్ట్ ముందుకి జరపండి. యార్డు దగ్గర లైన్లో రెండు మూడు గంటలు నిలబడే బండిలో నీళ్లు, నీడ ఉండాలి. ఎండలో పనిచేసేవాళ్లు దాహం వేసేదాకా ఆగకుండా పావుగంట, ఇరవై నిమిషాలకోసారి ఒక గ్లాసుడు నీళ్లు తాగాలి. చెమటలు బాగా కారిన రోజు ఓఆర్‌ఎస్, లేకపోతే ఉప్పు వేసిన మజ్జిగ. మనిషి తికమకగా మాట్లాడుతున్నా, తూలుతున్నా అది వడదెబ్బ. నీడలోకి చేర్చి, ఒళ్లంతా నీళ్లు పోసి, గాలి తగిలేలా విసురుతూ 108కి ఫోన్ చేయండి. స్పృహ లేనివాడి నోట్లో నీళ్లు పోయకండి.

వానాకాలం ఎలుకల మూత్రం కలిసిన నీళ్లలో కాళ్లు పెట్టి పనిచేస్తారు. కాలికి చిన్న పుండున్నా ఆ నీళ్లలోంచి లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు రావచ్చు. జ్వరం, పిక్కల్లో విపరీతమైన నొప్పి, కళ్లు ఎర్రబడటం కనిపిస్తే మెడికల్ షాపు మాత్రలతో సరిపెట్టకుండా డాక్టర్ దగ్గరికి పంపండి, చెత్త పని చేస్తానని డాక్టర్‌కి చెప్పమనండి.

ఇప్పుడు గ్లౌజులు, బూట్లు

యూనిఫాం, మెరిసే జాకెట్, గ్లౌజులు, రెయిన్‌కోటు, తగిన బూట్లు, మాస్కు కార్మికులకి అందేలా చూడాలని 2016 నియమాల్లోనే చెప్పారు. సమస్య ఇవ్వడంలో లేదు, ఇచ్చినవి వాడగలిగేలా ఉండటంలో ఉంది. అందరికీ ఒకే సైజు కొని పడేస్తే ఆడవాళ్ల చేతులకి వదులై జారిపోతాయి. పల్చటి రబ్బరు గ్లౌజులు గంటలో చిరుగుతాయి. అరచేతి వైపు నైట్రైల్ (ఒక రకం గట్టి రబ్బరు) పూత ఉండి, కోతకి తట్టుకునే అల్లిక గ్లౌజులు సైజు చూసి కొనండి. మనిషికి రెండు జతలు ఉంటే ఒకటి ఉతికి ఆరేలోపు ఇంకోటి వాడుకోవచ్చు. ఏ గ్లౌజూ సూదిని పూర్తిగా ఆపదని మళ్లీ చెప్పండి. బూట్లకి అడుగున మేకు దిగని స్టీలు రేకు, ముందు వేళ్లకి కప్పు ఉండాలి. దుమ్ము లేచే చోట గుడ్డ మాస్కు పనికిరాదు, ఎన్95 కావాలి. చెమటకి తడిస్తే మార్చాలి.

తినే ముందు, బీడీ ముట్టించే ముందు, తంబాకు నలిపే ముందు సబ్బుతో చేతులు. యూనిఫాం ఇంటికి పట్టుకెళ్లి పిల్లల బట్టలతో కలిపి ఉతకకుండా, షెడ్ దగ్గరే ఉతికించే ఏర్పాటు చేస్తే ఇంట్లోవాళ్లకి కూడా రక్షణ. వాసన భరించలేక పనికి ముందు మందు తాగేవాళ్లు ఉంటారు. తిట్టి ప్రయోజనం లేదు గానీ, ఆ రోజు డ్రైవర్‌కి బండి ఇవ్వకూడదు, హెల్పర్‌ని కాంపాక్టర్ దగ్గరికి పంపకూడదు.

కాగితాలు

పది మంది లేదా అంతకంటే ఎక్కువ పనిచేస్తుంటే ఈఎస్‌ఐ (కార్మికుల ప్రభుత్వ ఆరోగ్య బీమా) కట్టాలి. నెల జీతం 21,000 రూపాయల లోపు ఉన్నవాళ్లకి వర్తిస్తుంది. జీతంలో కార్మికుడి వాటా 0.75 శాతం, మీ వాటా 3.25 శాతం. అంతకంటే తక్కువమంది ఉంటే కనీసం అందరికీ బ్యాంకు ఖాతా తెరిపించి, ప్రధానమంత్రి సురక్షా బీమా కట్టించండి. ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో చనిపోతే కుటుంబానికి 2 లక్షలు. 18 నుంచి 70 ఏళ్ల వాళ్లు చేరొచ్చు. ఆ 20 రూపాయలు మీరే కట్టండి, ఏటా ఖాతాలో డబ్బు ఉందో లేదో మీరే చూడండి. చాలామందికి బీమా ఆగిపోయేది ఖాతా ఖాళీగా ఉండటం వల్లే.

కొత్తవాడు వచ్చిన రోజు

మొదటి వారం కొత్త కుర్రాణ్ని ఒంటరిగా ఏ పాయింట్‌కీ పంపకండి. అనుభవం ఉన్న ఒక అన్నతోనో అక్కతోనో జత కట్టండి, ఆ వారానికి వాళ్లకి కొంత ఎక్కువ ఇవ్వండి. మొదటి రోజు అతనికి నేర్పాల్సింది నాలుగే: కవరు మెడ పట్టుకుని, చెయ్యి చాచి, ఒంటికి దూరంగా ఎత్తడం, రివర్స్ సైగలు, పంజా, కొక్కెం వాడటం, గుచ్చుకుంటే ఏం చేయాలో. మిగతావి తర్వాత.

రోజూ బండి కదిలే ముందు అయిదు నిమిషాలు అందరూ బండి చుట్టూ నిలబడాలి. బ్రేకు, హారన్, వెనక లైటు, నీళ్ల డబ్బా, సబ్బు, పంజా, సిలిండర్ చూసుకోవాలి. తర్వాత ఒక్కటే అడగండి: "నిన్న ఎక్కడైనా తృటిలో తప్పిందా?" మొదటి కొన్ని రోజులు ఎవరూ నోరు విప్పరు. ఎవరో ఒకరు "నిన్న బేకరీ దగ్గర కవర్లోంచి గాజు పెంకు బయటికి పొడుచుకొచ్చింది సార్" అంటారు. ఆ రోజే మీరు ఆ బేకరీకి వెళ్లి, ఓనర్‌తో మాట్లాడి, అట్టపెట్టె పద్ధతి పెట్టించి రండి. వెళ్లొచ్చానని మర్నాడు అందరి ముందు చెప్పండి. ఇంకో మనిషి ఇంకో సంగతి చెబుతాడు. రూటు పుస్తకంలో ఆ పేజీ తీసి, తేదీ వేసి రాసుకోండి.